పెన్నోబులు కొన్న పాత మానిటర్

పెన్నోబులు చెయ్యి సీత బొమ్మ దగ్గర ఆగిపోయి రెండేళ్లయింది.

మిగతా బొమ్మలతో ఏ ఇబ్బందీ లేదు. రావణాసురుడి పది తలలనూ ఊపుతాడు. హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు కాలికింద చెక్కను దడదడ తొక్కి, ముందర కూర్చున్న పిల్లల్ని తల్లుల ఒళ్లోకి ఎక్కిస్తాడు. సీతను పెట్టెలోంచి తీసి నిలువుపుల్ల పట్టుకున్నాడంటే మాత్రం మణికట్టు కొయ్యబారిపోతుంది. బొమ్మ తెరకు ఆనుకుని అట్లాగే నిలబడిపోతుంది, ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నదానిలా.

తోలుబొమ్మలాట చూడనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేకతోలును దీపం వెలుగు దూరేంత పలచగా గీకి, దానిమీద బొమ్మ గీసి, రంగులద్ది, చేతులూ కాళ్లూ విడిగా కోసి దారంతో కుడతారు. తెల్లటి పంచెలు రెండు కలిపి కుట్టి తెర కడతారు. వెనక దీపం పెట్టి, బొమ్మను నడుమనున్న నిలువుపుల్లతో తెరకు ఆనించి, చేతికి కట్టిన సన్నపుల్లతో ఆడిస్తారు. పెన్నోబులు గురువు నాగోజిరావు బృందంలో ఒక పద్ధతి ఉండేది. సీత ఒక్కదానికి మాత్రం ఇద్దరు మనుషులు. చెయ్యి ఒకరిది, గొంతు ఒకరిది.

చెయ్యి పెన్నోబులుది. గొంతు అతని భార్య సుంకమ్మది. ఇరవై ఏళ్లు అట్లా ఆడింది సీత. ముందటేడు ఎండాకాలం మూడు రోజుల జ్వరంతో సుంకమ్మ పోయింది.

పాటలు పోలేదు. నాగోజిరావు కోడలు యశోద, సుంకమ్మ పక్కనే కూర్చుని అన్నీ నేర్చుకుంది. గొంతు కూడా మంచిదే. కానీ ఆమె పాట ఎత్తుకోగానే పెన్నోబులు చెయ్యి ఆగిపోయేది. రెండుసార్లు చూసి ఆమె పాడటం మానేసింది. “నీ గొంతు తప్పు కాదు తల్లీ” అని అతను చెప్పాడు. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు.

ఆ సంవత్సరం శ్రీరామనవమికి ఈరన్నపల్లెవాళ్లు ఆట చెప్పడానికి వచ్చారు. తాంబూలం పెట్టే ముందు వాళ్ల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“చూడు నాగోజన్నా, పోయినేడు మీ హనుమంతుడు లంకంతా తిరిగి, సీతమ్మను చూడకుండానే ఇంటికొచ్చేసినాడు. మా ఆడోళ్లు యాడాది పొడుగునా నన్ను తిడతాండారు. ఈ తూరి సీత వస్తే ఆట. లేదంటే హరికథ చెప్పిచ్చుకుంటాం.”

నాగోజిరావు నవ్వి తాంబూలం తీసుకున్నాడు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. చేతులు వణుకుతాయి. సీతను ఆయన ఎత్తలేడు.

వాళ్లు వెళ్లాక శిష్యుణ్ని పిలిచాడు.

“ఓబులూ, ఇంకా తొమ్మిది దినాలుంది. నీ చేతయితే ఆయమ్మ తెర మీదికి వస్తాది. కాలేదనుకో, ఏట్లో వదిలేసొద్దాం.”

ఆడని బొమ్మను పెట్టెలో ఉంచకూడదన్నది వాళ్ల ఆచారం. చినిగి కుట్టుకు రాని బొమ్మను పసుపుకుంకాలు పెట్టి ప్రవహించే నీళ్లకిచ్చేస్తారు. ఆ మాట గురువు ఇన్నాళ్లూ ఎత్తకపోవడమే ఎక్కువ.

“అయ్యా, ఒక్క మాట” అన్నాడు పెన్నోబులు. “నాకు ఆ మనిషిని ఒక్కసారి చూడల్లని ఉంది. పాడేటప్పుడు ఎట్లుండేదో మళ్లా చూస్తే చెయ్యి దానంతటదే లేస్తాది.”

“యాడ చూస్తావు?”

పెన్నోబులు చొక్కా జేబులోంచి చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ తీశాడు. ఏడెనిమిదేళ్ల కిందట ఒక కాలేజీ సారు వచ్చి ఒక ఆటను కెమెరాలో పట్టుకుపోయాడు. తరవాత ఒక సీడీ పంపించాడు. దాన్ని ఆడించే మిషను లేక అది గూట్లోనే ఉండిపోయింది. ఈ మధ్య జిరాక్సు షాపులో ఇచ్చి దీనిలోకి ఎక్కించుకున్నాడు, ఫోన్‌లోకీ వేయించుకున్నాడు.

“ఫోన్‌లో చూసినా అయ్యా. బొమ్మలు చీమలంత ఉండాయి. అంతా చీకటి. కానీ తెరకు ఎడమపక్క గుంజకాడ ఒక నీడ కూర్చోనుంది. తలమీద కొంగు కప్పుకోని. అది మా సుంకే. ఆయమ్మ ఎప్పుడూ ఎడమపక్కనే కదా కూర్చునేది. పెద్ద తెర మీద అయితే ముఖం తెలుస్తాది.”

నాగోజిరావు ఆ పెన్‌డ్రైవ్ వంక వంగి చూశాడు.

“ఆ సారు యాడ కూర్చోని తీసినాడు?”

“యాడేముంది, జనంలోనే. ముందర వరసలో చాప ఏసినాం కదా.”

గురువు శిష్యుడి ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయినవాడు ఆగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“పొయ్యి తెచ్చుకో” అన్నాడు.

*

మర్నాడు పెన్నోబులు అనంతపురం బస్సెక్కాడు. ఆటల్లేని రోజుల్లో వాళ్లు అదే తోలుతో దీపాలకు గొడుగులు చేసి అమ్ముతారు. అట్లా దాచుకున్నది తీసుకుని పోయాడు.

కొత్త మానిటర్ల షాపులో ధర విని బయటికి వచ్చేశాడు. అక్కడివాళ్లే సందు చివర షబానా షాపు చూపించారు. గోడ పొడుగునా నల్లటి మానిటర్లు, పలకలు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. షబానా బల్లమీద ఒకదాన్ని బోర్లా పడుకోబెట్టి దాని వీపు విప్పుతోంది.

“సెకండ్ హ్యాండా పాపా ఇవి?”

“సెకండ్ హ్యాండ్ అనద్దు అన్నా, వాటికి కోపం వస్తాది. రీఫర్బిష్డ్ అనల్ల.”

“రెండిటికీ తేడా ఏంది?”

“సెకండ్ హ్యాండంటే ఎట్లున్నది అట్లే ఇచ్చేది. ఇవి బెంగళూరు ఆఫీసుల్లో వాడి పారేసినవి. నేను విప్పి, దుమ్ము దులిపి, పోయిన సామాను తీసేసి మంచిది ఏసి, నాలుగు దినాలు ఆడిచ్చి చూసినాక అమ్ముతా. ఆర్నెల్లు గ్యారంటీ. మా ఇంటాయనకు కూడా నేను అంత గ్యారంటీ ఇయ్యను.”

పెన్నోబులుకు నవ్వొచ్చింది. సుంకమ్మ పోయాక కొత్తవాళ్ల ముందు నవ్వడం అదే మొదలు అనుకుంటాను.

ఆమె ఒక మానిటర్ తీసి కరెంటు పెట్టింది. తెరంతా తెల్లగా వెలిగింది. అట్లా తెల్లగా వెలిగించి చూపించడం ఆ వ్యాపారంలో మర్యాద. తెరలో వెలగాల్సిన చుక్క ఎక్కడైనా చచ్చిపోయి ఉంటే తెలుపులో నల్లగా బయటపడుతుంది.

పెన్నోబులు దగ్గరికి వంగలేదు. రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వాల్చి చూశాడు. కొత్త తెర కట్టిన ప్రతిసారీ చేసే పనే అది.

“కింద కుడిచేతి మూల ఆవగింజంత మచ్చ ఉంది పాపా. పైన వెలుగు కొంచెం పసుపు తిరిగింది.”

షబానా కళ్లద్దాలు పైకి నెట్టుకుని మూల దగ్గర వెతికింది. చాలాసేపటికి దొరికింది.

“నాకే కనపల్లేదే. ఏం పని చేస్తావన్నా నువ్వు?”

“తెర పనే” అన్నాడు పెన్నోబులు.

ఆమె దాన్ని పక్కన పెట్టి, ఇంకొకటి తీసింది. అది బాగుంది. తెలుపు అంతటా సమంగా, పాలు పోసినట్టు పరుచుకుంది. అతను చేతిని దానిమీద ఆనించబోయి, ఆనించకుండానే వెనక్కి తీసుకున్నాడు.

“దీంట్లో మనిషి ముఖం బాగా తెలుస్తాదా?”

“ఎందుకు తెలీదు? చెంప మీద పుట్టుమచ్చతో సహా. ఏదీ, నీ దగ్గర ఏముందో ఇయ్యి, ఆడిచ్చి చూపిస్తా.”

పెన్నోబులు పెన్‌డ్రైవ్ తీశాడు. ఆమె చెయ్యి చాపింది. ఇవ్వబోతూ అతని పిడికిలి ముడుచుకుపోయింది.

“ఈడ వద్దులేమ్మా. ఇంటికాడ చూసుకుంటా.”

షబానా ఆ పిడికిలి వంక చూసి ఇంకేమీ అడగలేదు. ఒక్కటే చెప్పింది.

“అన్నా, ఇది ఉత్త తెరే. నీ చేతిలోది గుచ్చితే దీనికి ఏమీ అర్థం కాదు. బొమ్మను పంపిచ్చేదానికి ఒక డబ్బా కావల్ల.” బల్లకింద వెతికి, అరచేతిలో పట్టే పాత డబ్బా ఒకటి తీసి, తీగ తగిలించి, ఎక్కడ ఏది గుచ్చాలో మూడుసార్లు చేయించి చూసింది. డబ్బాకు వేరే డబ్బు తీసుకోలేదు.

తిరుగు బస్సులో మానిటర్‌ను దుప్పట్లో చుట్టి ఒళ్లో నిలబెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలామె ముట్టి చూసింది.

“ఏందప్పా అది? నిలువుటద్దమా?”

“అట్లాటిదేలే అవ్వా.”

“ఇంట్లో ఆడబిడ్డకా?”

“ఆ” అన్నాడు పెన్నోబులు. దారి పొడుగునా, గుంతలు వచ్చినప్పుడల్లా, దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

*

మానిటర్‌ను గురువు ఇంట్లోనే పెట్టారు. మధ్యాహ్నం అన్నాలయ్యాయి. వెలుతురు రాకుండా తలుపు దగ్గరికి వేసి, కిటికీకి గోనెపట్ట కట్టాడు పెన్నోబులు. యశోద గడప పక్కన కూర్చుని చేటలో వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. నాగోజిరావు మంచం మీద గోడకు ఆనుకున్నాడు.

మానిటర్‌ను పీటమీద పెట్టి, షబానా చెప్పినట్టే తీగలు గుచ్చాడు. తెర ముందర బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఏదో కొత్తగా ఉంది అతనికి. ఏమిటో తోచలేదు.

వెలుగు వచ్చింది. మద్దెల మోగింది. వినాయకుడు వచ్చి వెళ్లాడు. బంగారక్క, కేతిగాడు వచ్చి తిట్టుకుని జనాన్ని నవ్వించి పోయారు. పెన్నోబులు అవేవీ చూడటంలేదు. ఎడమపక్క గుంజనే చూస్తున్నాడు. అక్కడ నీడ అట్లాగే కూర్చుని ఉంది, తలమీద కొంగు కప్పుకుని.

అశోకవనం వచ్చింది. సీత తెర మీదికి ఎక్కింది. సుంకమ్మ గొంతు లేచింది.

*దూరాన దరి లేదు, దారి చూపేవాడు లేడు,*
*గాలిబిడ్డా, ఏ గట్టు దాటొస్తివి...*

యశోద చేతిలో కాయ చిట్లడం ఆగిపోయింది.

పెన్నోబులు మోకాళ్లమీద ముందుకు జరిగాడు. ముఖం తెరకు జానెడు దూరంలోకి వచ్చింది. ఆ వేళకు ఆటలో దీపం ఒత్తి ఎవరో పెంచినట్టున్నారు, గుంజ మీద కొంచెం వెలుగు పడింది.

గుంజకు ఒక కంబళి తగిలించి ఉంది.

ఎవరో గొర్రెలకాపరిది. ఆట చూడటానికి వచ్చి, ఉక్కపోసి, తీసి మేకుకు తగిలించినట్టుంది. గాలికి అంచు కదులుతోంది. అతను ఇన్నాళ్లూ కొంగు అనుకున్నది ఆ అంచే.

పాట సాగుతూనే ఉంది. పెన్నోబులు తెరంతా వెతికాడు. సీత ఉంది, చెట్టుంది, చెట్టుమీద హనుమంతుడి తోక ఉంది. ముందర వరసలో జనం తలకాయలున్నాయి.

అప్పుడు తెలిసింది అతనికి. కెమెరా జనంలో కూర్చుంది. సుంకమ్మ తెర వెనక ఉంది. పెన్నోబులు బుద్ధి తెలిసినప్పటినుంచీ తెర వెనకే బతికినవాడు. ముందర కూర్చుని తన ఆట తాను ఒక్కసారీ చూసుకున్నవాడు కాదు. ముందరినుంచి ఏది కనబడుతుందో, ఏది కనబడదో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

చెయ్యి చాచి డబ్బా మీట నొక్కాడు. బొమ్మ ఆగింది. సీత ఒక చెయ్యి పైకెత్తి ఉండగానే ఆగిపోయింది.

“లేదయ్యా” అన్నాడు. “యాడా లేదు.”

తెర అంచును వేలితో తుడిచాడు.

“ఇంత దూరం పొయ్యి తెచ్చినా. మచ్చ లేనిది చూసి, ఏరి తెచ్చినా.” అతని గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది. “ముఖం మరిచిపోతాండా అయ్యా. పొద్దున లేచి గుర్తు చేసుకుంటే ముక్కు వస్తే కళ్లు రావు. ఒక్కసారి చూస్తే సాలనుకున్నా.”

యశోద కొంగుతో ముఖం తుడుచుకుంది.

“రేపు బొమ్మను ఏటికి తీసకపోదాం” అన్నాడు పెన్నోబులు. “నా వల్ల కాదు.”

నాగోజిరావు మంచం దిగాడు. దిగడానికి కొంచెంసేపు పట్టింది. వణికే చేతులతోనే మానిటర్ రెండు అంచులూ పట్టుకున్నాడు. పెన్నోబులు సాయానికి లేవబోతే వద్దని తల ఊపాడు. పీటను కాలితో తోసుకుంటూ, మానిటర్‌ను మెల్లగా అటు తిప్పేశాడు.

ఇప్పుడు దాని ముఖం గోడవైపు ఉంది. నల్లటి వీపు వాళ్లవైపు ఉంది. సున్నం గోడ మీద తెల్లటి వెలుగు పరుచుకుంది.

“అయ్యా, అట్ల తిప్పితే ఏం కనపడతాది?”

“ఇరవై ఏండ్లు నీకు ఏం కనపడిందిరా?”

పెన్నోబులు ఆ నల్లటి వీపు ముందుకు జరిగి కూర్చున్నాడు.

నాగోజిరావు బొమ్మల పెట్టె దగ్గరికి పోయి, పైనున్న గుడ్డమూట విప్పి, సీతను తెచ్చి శిష్యుడి ఒళ్లో పెట్టాడు. తరవాత తానే వంగి డబ్బా మీట నొక్కాడు.

ఆగినచోటినుంచే సాగి, పల్లవి మళ్లీ ఎత్తుకుంది పాట.

*దూరాన దరి లేదు...*

శబ్దం అంతకుముందుకన్నా దగ్గరగా వినబడింది. ఆ మానిటర్‌కు స్పీకర్లు వీపుమీదే ఉన్నాయి. పెన్నోబులు కళ్లు మూసుకోలేదు. నల్లటి అట్టను చూస్తూ కూర్చున్నాడు. ప్రతి వరసకు ముందు చిన్నగా ఊపిరి తీసుకోవడం వినబడింది. చరణం తిరిగే చోట గాజులు ఒకసారి గలగలమన్నాయి, కొంగు సర్దుకుంటున్నట్టు. ముందరినుంచి విన్నప్పుడు మద్దెలలో కలిసిపోయి తెలియలేదు అది.

ఎడమపక్క. ఎప్పుడూ ఎడమపక్కనే. తల తిప్పి చూస్తే సీత తెర మీదినుంచి జారిపోతుంది గనక ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. ఆ ఊపిరి వినబడితే చెయ్యి ఎత్తాలి, ఆ గాజులు మోగితే మణికట్టు తిప్పాలి. అంతే తెలుసు అతనికి.

ఒళ్లో ఉన్న సీత లేచింది.

ఎప్పుడు లేచిందో అతను చూడలేదు. నిలువుపుల్ల ఎడమచేతిలో ఉంది, సన్నపుల్ల కుడిచేతిలో ఉంది. గోడమీది వెలుగు వెనక్కి కొట్టి, తోలులోని ఎరుపూ పచ్చా మెరిశాయి. సీత తల కొంచెం వంచింది. చెయ్యి కనుబొమ్మకు అడ్డం పెట్టుకుని, చెట్టు కొమ్మల్లోకి చూసింది.

*గాలిబిడ్డా, ఏ గట్టు దాటొస్తివి...*

అక్కడ టక్కున ఆగిపోయింది. మద్దెల, గొంతు, అన్నీ. గోడమీది వెలుగు నల్లబడింది. కాలేజీ సారు కెమెరా అంతవరకే పట్టినట్టుంది.

గదిలో ఎవరూ కదలలేదు. సీత చెయ్యి మాత్రం కదులుతోంది. కనుబొమ్మ దగ్గరినుంచి దిగి, ముందుకు చాచుకుని, ఏదో అడుగుతున్నట్టు గాలిలో నిలిచింది. తరవాతి చరణం కోసం నిలిచింది. పెన్నోబులు పుల్ల దించలేదు.

గడప దగ్గర చేట పక్కకు జరిగిన చప్పుడైంది. ఒక ఊపిరి వినబడింది.

*సెప్పు నాయనా, నా సామి ఏమన్నాడు...*

యశోద గొంతు మొదట వణికింది. పెన్నోబులు తల తిప్పలేదు. సీత చూపుడువేలు మెల్లగా పైకి లేచి, ఒకసారి ఆగి, గొంతు ఎటు పోతే అటు తిరిగింది.

నాగోజిరావు మంచం మీద కూర్చుని, మడమతో నేలమీద తాళం అందుకున్నాడు.